గెలుపు పనసకాయలు

"నాకొద్దు, తీసెయ్" అన్నాడు కూర్మనాథం, వడ్డించిన విస్తరి ముందు కూర్చుని.

కామాక్షి తీయలేదు. నిన్న మధ్యాహ్నం జిల్లా జడ్జి గారి మెమో చేతికొచ్చిన దగ్గర్నుంచీ ఆయన కడుపులోకి వెళ్ళింది మంచినీళ్ళే. సాయంత్రం నాలుగింటికి టెక్కలి ట్రావెలర్స్ బంగళాలో విచారణ. పాతరేవు నుంచి టెక్కలి దాకా ఆ డొక్కు బస్సులో ఖాళీ కడుపుతో కుదుపులు తింటే మనిషి విచారణకి ముందే పడిపోతాడని ఆవిడ బెంగ.

"తినండి. తినకపోతే తప్పు చేసినవాడి మొహంలా ఉంటుంది."

"తింటే ఎలా ఉంటుందో?"

"తిన్నారని ఎలాగూ రాసే పెట్టారు కదా. కొత్తగా పోయేదేముంది?"

వరండాలో కాగితాలు ముందేసుకు కూర్చున్న నీలకంఠం నవ్వబోయి, బావ మొహం చూసి దగ్గులోకి మార్చుకున్నాడు. నీలకంఠం కామాక్షికి అన్నగారు. టెక్కలిలో ఒక పెద్ద వకీలు దగ్గర పద్దెనిమిదేళ్ళుగా గుమాస్తా. వకీలుకంటే తనకే చట్టం ఎక్కువ తెలుసని ఆయన నమ్మకం. వకీలుకీ ఆ అనుమానం ఉంది. కబురు తెలిసి పొద్దున్న మొదటి బస్సుకే దిగాడు.

"ఇంకోసారి చదువుతాను, అందరూ వినండి" అని మెమోని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. అది ఇంగ్లీషు. ఆయన తెలుగు చేసి చదువుతున్నాడు. "పాతరేవు మున్సిఫు కోర్టు బెంచి గుమాస్తా కూర్మనాథం, వాది రూతు దగ్గర రెండు పనసకాయలు పుచ్చుకుని, ఆమె దావా గెలిచినదని అబద్ధపు కబురు చెప్పి, కోర్టు డైరీలో డిక్రీ అయినట్టు రాసి, పిమ్మట కొట్టివేసి దిద్దినట్టు మున్సిఫు గారి నివేదిక వల్ల తెలియుచున్నది. సంజాయిషీ ఏమి?"

"రెండు పనసకాయలకి ఇంత ఇంగ్లీషా" అంది లోపల పీట మీద కూర్చున్న దుర్గాంబ, కూర్మనాథం తల్లి.

జరిగింది వేరు. అది పాతరేవులో చేపలమ్మే మనిషికి కూడా తెలుసు. వేసవి సెలవులకి ముందు ఆఖరి రోజున, నిండు కోర్టులో, మున్సిఫు గారు "వాదికి డిక్రీ ఇచ్చాం" అని నోటితో అన్నారు. తీర్పు ముందు రాసుకుని, తర్వాత చదివి వినిపించాలి. ఆయన రాయలేదు. కాగితం సెలవుల తర్వాత చూసుకోవచ్చని ఆ సాయంత్రమే పలాసలో రైలెక్కారు. జూన్‌లో కోర్టు తెరిచాక బయటికొచ్చిన తీర్పు కాగితంలో మాత్రం రూతు జీడితోట దావా కొట్టేసి ఉంది. ప్రతివాది అప్పలనరసింహం. మున్సిఫు గారి కాపరం ఆ అప్పలనరసింహం మేడ మీదే.

రూతు మిషన్ స్కూలు మేష్టారి చేత రాయించి హైదరాబాదు హైకోర్టుకి అర్జీ పెట్టుకుంది. హైకోర్టు వారు దాన్ని జిల్లా జడ్జికి పంపారు. జిల్లా జడ్జి గారి ఆఫీసు వారు "సంజాయిషీ నిమిత్తం" అని ఎర్ర ముద్ర కొట్టి, ఎవరి మీద అర్జీయో ఆయనకే తిరగ్గొట్టారు. ఆ కవరు విప్పి, తపాలా పుస్తకంలో ఎక్కించి, మున్సిఫు గారి బల్ల మీద పెట్టిన చెయ్యి కూర్మనాథానిదే.

ఆ కవరు తలుచుకుంటే కామాక్షికి ఒళ్ళు మండిపోతుంది.

"నా వంటింట్లో పిల్లి పాలు తాగిందని వెళ్ళి మొత్తుకుంటే, ఆ పిల్లినే కూర్చోబెట్టి, ఏమ్మా, తాగావా, తాగితే ఎవరు పోశారో రాసివ్వు అని అడిగినట్టుంది మీ ధర్మం" అంది అన్నతో.

"నా ధర్మం కాదే, అది పద్ధతి."

"పిల్లి రాసిచ్చింది కదా. పోసింది ఈయనే అని."

నీలకంఠం ఆ మాట పట్టించుకోకుండా ఇంకో కాగితం తీశాడు. "బావా, ఇటు విను. జవాబు నేను సిద్ధం చేశాను. పని ఒత్తిడిలో పొరపాటున డైరీలో డిక్రీ అని రాశాను, గమనించి దిద్దుకున్నాను, పనసకాయలు మా ఇంటికి రానే లేదు. ఈ మూడు ముక్కలే. పొద్దున్న బస్టాండులో మీ కోర్టు నోటీసులు తిప్పే అమీను కలిశాడు. ఇలా రాసిస్తే మున్సిఫు గారు తనే జడ్జి గారికి చెప్పి మందలింపుతో పోనిస్తారట. ఉద్యోగం నిలుస్తుంది, పింఛను నిలుస్తుంది."

"రానే లేదా?" అంది కామాక్షి. "ఈ చేతుల్తో నూనె రాసుకుని తరిగాను. కత్తిపీటకి పట్టిన జిగురు వదిలించడానికి రెండ్రోజులు పట్టింది."

"వచ్చాయి నాయనా" అంది దుర్గాంబ లోపల్నించి. "నేనేగా పసుపునీళ్ళు జల్లి లోపలికి తెప్పించాను."

ఆ పసుపునీళ్ళు జల్లింది పనసకాయల్ని శుద్ధి చెయ్యడానికి. తెచ్చిన రూతు క్రైస్తవుల మనిషి కాబట్టి. రూతుని వాకిట్లోనే నిలబెట్టేసిన దుర్గాంబ ఆ రాత్రి ఆవ పెట్టిన పొట్టుకూర మూడు మాట్లు వడ్డించుకుంది.

పాతరేవులో దాన్ని గెలుపుకాయ అంటారు. దావా గెలిచినవాళ్ళు తమ తోటలో ఆ వేళకి ఏది కాస్తే అది, కొబ్బరి గెలో, జీడిమామిడి పళ్ళ బుట్టో, పనసకాయో, బెంచి గుమాస్తా గుమ్మంలో దింపిపోవడం రివాజు. దావా నడుస్తూండగా ఎవరైనా తెస్తే ఇదే ఉద్యోగం చేసిన కామాక్షి మావగారు కర్ర పట్టుకుని వెంటపడేవారు. అది లంచం. తీర్పు చెప్పాక తెస్తే సంతోషం. ఈ గీత ఇంత కచ్చితంగా ఎవరు గీశారో తెలీదు గానీ, ఊళ్ళో ఓడినవాళ్ళు కూడా దాన్ని తప్పు పట్టలేదు. ఈ ఏడు మనది కాదు లెమ్మని ఊరుకునేవాళ్ళు.

"అన్నయ్యా, ఒక్కటి చెప్పు" అంది కామాక్షి. "గెలవని మనిషి గెలుపుకాయ ఎందుకు తెస్తుంది? ఆయన కోర్టు నుంచి ఇల్లు చేరకముందే రూతు గుమ్మంలో ఉంది. ఈయన చెప్పిందెప్పుడు, ఆవిడ నమ్మిందెప్పుడు? చెవులారా విని తిన్నగా వచ్చింది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

"ఆ ముక్క అనగానే పనసకాయ ఇంటికొచ్చిందని ఒప్పుకున్నట్టే. గవర్నమెంటు రూల్లో ముందూ వెనకా లేదే తల్లీ. పుచ్చుకున్నాడా లేదా, అంతే."

కూర్మనాథం విస్తరి మడిచేశాడు. ఎవరి వైపూ చూడకుండా పెరట్లోకి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు, ముట్టని అన్నానికి.

*

రూతు వీధివైపు రాలేదు. పెరటి దడి దగ్గర నిలబడి పిలిచింది. ఉద్దానం నుంచి పొద్దున్నే బయల్దేరి నడిచొచ్చినట్టుంది, పాదాలు ఇసక కొట్టుకున్నాయి. నలభై దాటని మనిషి. మెడలో నల్లదారానికి చిన్న శిలువ.

"అమ్మా, బాబు సంతకం పెట్టేత్తారని అమీను గోరు బజార్లో సెప్తన్నారు. నిజవేనా?"

కామాక్షి జవాబు చెప్పేలోపు నీలకంఠం వెనకనించి వచ్చాడు. "కోర్టు విషయాలు నీకెందుకమ్మా, వెళ్ళు."

"కోరటు ఇసయాలు నాక్కాక ఇంకెవులికి బాబూ. తోట నాది."

"ఈ పూట నువ్విక్కడ కనిపిస్తేనే మాకు నష్టం. నీకూ మాకూ ఏదో ఉందనుకుంటారు."

"ఉన్నాది కదా. పనసకాయలున్నాయి." రూతు మొహంలో నవ్వు లేదు. "తిన్నారు. తినమనే తెచ్చినాను. ఇప్పుడు రానేదని రాత్తే, మరి నాను మోసుకొచ్చినవేటి బాబూ, రాళ్ళా?"



రూతు కామాక్షి వైపు తిరిగింది. "ఆ జీడిసెట్లు మా పెనిమిటి అంద్రెయ్య నాటినాడమ్మా. ఆడు పోయి నాలుగేళ్ళు. తోట పోతే కూలికెల్తాను, సావను. గానీ మా సంఘంలో నిలబడి సాచ్చీకం సెప్పినాను. దేవుడు నన్ను గెలిపించినాడని, అందరూ లేసి పాట పాడినారు. ఇప్పుడు నువ్వు గెలవనేదు, గుమస్తా నీకు అబద్ధం సెప్పినాడంటే, నాను దేవుడి పేరున అబద్ధమాడినట్టు కదా. మొన్న ఆదివారం నా పక్కని ఎవులూ కూకోనేదు."

"నువ్వు అర్జీ వెనక్కి తీసుకుంటే ఇవేవీ ఉండవు" అన్నాడు నీలకంఠం.

"అప్పలనరసింహం మనుసులూ అదే సెప్పినారు. మీరూ అదే సెప్తన్నారు. అందరూ ఒక్క మాట మీదున్నారు, మంచిదే."

అని వెనక్కి తిరిగింది. దడి దాటాక ఆగి, "నాలుగ్గంటలకి నానూ ఆడికొత్తన్నాను. నన్నెవులూ పిలవనేదు గానీ, అర్జీ నాది కదా" అనేసి వెళ్ళిపోయింది.

*

గదిలో కూర్మనాథం చొక్కా తొడుక్కుంటున్నాడు. జేబులో నీలకంఠం రాసిన కాగితం మడతపెట్టి ఉంది. కామాక్షి తలుపు దగ్గరగా వేసింది.

"డైరీ ఎందుకు దిద్దారు?"

"ఇప్పుడెందుకది?"

"పెళ్ళయి ఇన్నేళ్ళలో మీ కోర్టు సంగతి ఒక్కటైనా అడిగానా. ఇవాళ అడుగుతున్నాను."

ఆయన గుండీలు పెట్టుకోవడం ఆపేశాడు. ఆయన మౌనం కామాక్షికి అలవాటే. అది వానాకాలపు గోడలాంటిది, ఒత్తితే తడి తగులుతుంది గానీ కూలదు. ఇవాళ మాత్రం కూలింది.

"కోర్టు తెరిచిన మూడో రోజు మేడ మీదికి పిలిపించారు. తీర్పు టైపు అయి ఉంది. డైరీలో పొరపాటు పడింది, సరిచెయ్యి అన్నారు. పొరపాటు కాదండి, తమరే అన్నారు అన్నాను. నేనన్నానా, అన్నారు. అప్పలనరసింహం పక్క కుర్చీలో కూర్చుని జీడిపప్పు నముల్తున్నాడు."

"దిద్దారు."

"దిద్దాను. పక్కన తమ పొట్టి సంతకం పెట్టమన్నాను. తర్వాత పెడతానన్నారు."

"పెట్టలేదు."

"పెట్టలేదు." గోడకి చెప్తున్నట్టు చెప్పాడు. "ఇరవై రెండేళ్ళు ఆ బల్ల కింద కూర్చున్నాను కామాక్షీ. పైనుంచి ఏది వినపడితే అది రాయడమే నా పని. తప్పో ఒప్పో చూసుకోవడం కుర్చీలో ఉన్నాయన పని. అలా అనుకునే ఇన్నాళ్ళూ నిద్రపోయాను."

"ఆయన తప్పు ఎవరు చూడాలి?"

"పైవాళ్ళు."

"పైవాళ్ళు ఆయన్నే అడిగారు. ఆయన మిమ్మల్ని చూపించాడు. ఇప్పుడు మీరెవర్ని చూపిస్తారు? నన్నా, రూతునా?"

ఆయన జేబులో కాగితం తడుముకున్నాడు. తీసి చించుతాడేమోనని ఒక్క క్షణం చూసింది. చించలేదు. సరిగ్గా మడిచి లోపలికి తోసుకున్నాడు.

కామాక్షి దండెం మీంచి నేత చీర తీసింది.

"ఎక్కడికి?" అన్నాడు.

"టెక్కలి."

"ఆడవాళ్ళు విచారణకి రావడమేవిటి? నిన్నెవరు పిలిచారు?"

"రూతునీ పిలవలేదట" అంది.

*

బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. ముందు సీట్లో నీలకంఠం బావకి మళ్ళీ మళ్ళీ పాఠం చెప్తున్నాడు. వెనక వరసలో రూతు కొబ్బరి పీచు మోపుల మధ్య నిలబడి ఉంది.

మొగవాళ్ళిద్దరికీ తెలియనిది ఒకటుంది.

ఆ పనసకాయల్లో ఒకటి తరిగి, తపేలా నిండా పొట్టు మున్సిఫు గారి భార్యకి పంపింది ఆవిడ. ఇందుమతి పాతికేళ్ళ పిల్ల. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఎవరూ తెలియక, కడుపుతో ఉన్నన్నాళ్ళూ కామాక్షి చేతి పులుసులే తాగింది. నొప్పులొచ్చిన రోజున పట్టుకోడానికి కామాక్షి చెయ్యే అడిగింది. పొట్టు పంపిన ఆ సాయంత్రమే తపేలా తిరిగిచ్చేందుకు తనే వచ్చి, "అక్కయ్యగారూ, రైల్లోకి పులిహోరా మీ పొట్టూ కట్టేశాను. ఈయన కోర్టు నుంచి రాగానే చెప్పారు, పాపం ఆ విధవరాలికి తోట దక్కిందట కదా. మంచిపని చేశారు అన్నాను" అంది.

మున్సిఫు గారు తన నోటితో తన భార్యకి చెప్పారు. ఈ మాట బయటపెడితే రూతు నిలబడుతుంది, కూర్మనాథం అబద్ధాలకోరు కాకుండా పోతాడు. కానీ ఆ పిల్ల ఏమవుతుంది? స్నేహంగా అన్న మాటని తీసుకెళ్ళి మొగుడి మీదే పెట్టడం ఏ రకం మనిషి చేస్తుంది?

రావివలస దాటేదాకా ఆలోచించింది. తేలలేదు.

*

జిల్లా జడ్జి గారు పెద్దాయన. కోటు విప్పి కుర్చీకి తగిలించుకుని, బంగళా వరండాలో పేము కుర్చీలో కూర్చున్నారు. బల్ల మీద పాతరేవు కోర్టు డైరీ విప్పి ఉంది. నీలకంఠాన్ని డఫేదారు గేటు దగ్గరే ఆపేశాడు. కామాక్షీ రూతూ మెట్ల కింద, మందారచెట్టు పక్కన నిలబడ్డారు. అక్కణ్ణించి మాటలన్నీ వినపడతాయి.

"ఈ దిద్దుబాటు నీదేనా?"

"చిత్తం."

"ముందు డిక్రీ అని ఎందుకు రాశావు?"

కూర్మనాథం జేబులో చెయ్యి పెట్టాడు. కాగితం అంచు బయటికొచ్చింది. కామాక్షి కళ్ళు మూసుకుంది.

"మున్సిఫు గారు అలా అన్నారు కాబట్టి రాశాను" అన్న మాట వినపడింది. "జూన్‌లో దిద్దమన్నారు కాబట్టి దిద్దాను. పనసకాయలు మా ఇంటికొచ్చాయండి. తీర్పు చెప్పాక వచ్చాయి. తిన్నాం."

కామాక్షి కళ్ళు తెరిచింది. కాగితం జేబులోనే ఉంది. రూతు పక్కన నిలబడి పెదవులు కదుపుతోంది, ప్రార్థనో ఏమిటో.

జడ్జి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీ మాటకి ఆయన మాట అడ్డం. ఆయన ఆఫీసరు, నువ్వు గుమాస్తావి. దావా వేసిన మనిషి తనకి అనుకూలంగానే చెబుతుంది. కోర్టులో ఉన్న ప్లీడర్లని పిలిపించి అడిగాను. ఒకాయనకి ఆ రోజు జలుబు, చెవులు మూసుకుపోయాయట. ఒకాయన బయటికెళ్ళాడట. రేపు ఆ మున్సిఫు ఎదుటే కేసులు చెప్పుకోవాలి వాళ్ళు."

"మరి తమరు..."

"నేను చెయ్యగలిగింది విను. మున్సిఫు మీద చర్య అంటే హైకోర్టు తీసుకోవాలి. నేను రిపోర్టు రాసి పంపగలను, అంతే. రాయడానికి ఆధారం కావాలి. నీ మీద చర్యకి నా సంతకం చాలు. కాయలు పుచ్చుకున్నట్టు ఒప్పుకున్నావు, రికార్డు దిద్దినట్టు ఒప్పుకున్నావు. సస్పెండ్ చెయ్యకపోతే నన్నడుగుతారు."

కామాక్షి కాళ్ళు ఎప్పుడు మెట్లెక్కాయో ఆవిడకే తెలీదు. డఫేదారు అడ్డొచ్చాడు. జడ్జి గారు చేత్తో వారించారు.

"నేను ఆయన భార్యనండి. ఆ కాయలు అందుకుంది నేను. ఈయన అప్పటికి ఇంటికే రాలేదు."

"కూర్చోండమ్మా."

"నిలబడే అడుగుతాను. ఆ రూతు అర్జీని తిప్పి మున్సిఫు గారికే ఎందుకు పంపారు బాబుగారూ?"

ఆయన డైరీ మూశారు. "సంజాయిషీ అడగాలి కదమ్మా. అది ఆఫీసు రివాజు."

"మా పనసకాయా రివాజేనండి. మా రివాజుకి ఉద్యోగం పోతోంది. మీ రివాజుకి ఎవరిదీ ఏమీ పోలేదు. మా ఆయన్ని ఇంటికి పంపడానికి పావుఠావు కాగితం చాలు. మున్సిఫు గారిని నువ్విలా అన్నావా అని అడగడానికి మాత్రం హైదరాబాదు వెళ్ళి రావాలి. అర్జీ వెళ్ళింది కూడా, తిరిగొచ్చి ఆయన బల్ల మీదే పడింది."

కూర్మనాథం "కామాక్షీ" అన్నాడు నెమ్మదిగా. జడ్జి గారు మాత్రం కోపగించుకోలేదు. కళ్ళజోడు పెట్టుకుని ఆవిడ వంక చూశారు.

"మీరన్నది తప్పు కాదు. ఆ కవరు నేను చూసి పంపి ఉండాల్సింది. చూడలేదు. ఇప్పుడు నాకు ఇంకొక్క మనిషి కావాలి. వాది కాకూడదు, గుమాస్తా కాకూడదు, మీరు కాకూడదు. డిక్రీ ఇచ్చానని ఆయన అన్నట్టు ఆ రోజే విన్న మనిషి. ఉన్నారా?"

చెట్టు కింద రూతు తలెత్తి చూసింది. కూర్మనాథం నేలకేసి చూశాడు, ఎవరూ లేరని ఆయనకి తెలుసు.

కామాక్షికి నొప్పుల గదిలో తన చేతిలోకి గుచ్చుకున్న గోళ్ళు గుర్తొచ్చాయి.

"ఉన్నారు" అంది. "ఆయన భార్య."

చెప్పడం అయిపోయేసరికి జడ్జి గారి కలం ఆగిపోయింది. కూర్మనాథం భార్యని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"ఇందుమతి గారు ఈ మాట నా ఎదట చెబుతారా?"

"తెలీదండి."

ఆయన బల్ల సొరుగులోంచి కాగితం తీశారు. నిజంగానే పావుఠావే. నాలుగు వాక్యాలు రాసి, సంతకం చేసి, కూర్మనాథానికి అందించారు. సస్పెన్షన్ ఈ రోజు నుంచి. కూర్మనాథం రెండు చేతులా అందుకున్నాడు, ఇన్నేళ్ళూ పై నుంచి వచ్చిన ప్రతి కాగితాన్నీ అందుకున్నట్టే.

"బాబుగారూ, మరి మున్సిఫు గారు?" అంది కామాక్షి.

"రేపు పదిన్నరకి కోర్టులో కూర్చుంటారు. ఆపే అధికారం నాకు లేదు." అని లేచి కోటు తొడుక్కున్నారు. "ఆడవాళ్ళని ట్రావెలర్స్ బంగళాకి పిలిపించి వాంగ్మూలం తీసుకోవడం నాకిష్టం లేదు. నేనే వెళ్ళి అడుగుతాను. మీరూ రండమ్మా. ఆ మాట ఆవిడ ఎదురుగా ఇంకోసారి అనండి. చాటున అన్నది నేను రాయను."

మెట్ల కింద రూతు అడిగింది. "ఏటయినాదమ్మా?"

"ఈయన్ని సస్పెండ్ చేశారు. ఆయన రేపు కోర్టుకొస్తారు."

గేటవతల విషయం విన్న నీలకంఠం తల పట్టుకున్నాడు. "నీకు మతి పోయిందే కామాక్షీ. మున్సిఫు పెళ్ళాం మొగుడి మీద సాక్ష్యం చెబుతుందా? ఇంటికి పద."

జడ్జి గారి కారు తలుపు తీసి ఉంది. కామాక్షి ఇనప పిడి మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

"ఎక్కు" అన్నాడు కూర్మనాథం. కాగితం ఇంకా చేతిలోనే ఉంది. "నేనూ రూతూ బస్సులో వస్తాం."

*

పాతరేవు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. అప్పలనరసింహం మేడ కింద జీడిగింజలు ఎండబోసి ఉన్నాయి. కారు చూసి కూలీలు పక్కకి జరిగారు. కామాక్షి జడ్జి గారి వెనకాలే మెట్లెక్కింది. ఎన్నోసార్లు పులుసు గిన్నెలు పట్టుకుని ఎక్కిన మెట్లే. ఇవాళ ఎన్నున్నాయో తెలిసింది.

తలుపు తీసింది ఇందుమతి. చంకలో పాప. ముందు కామాక్షినే చూసింది.

"అక్కయ్యగారూ, ఎన్నాళ్ళకి. దీనికి పళ్ళొస్తున్నాయి, చూడండి, ఎవరి వేలు దొరికితే వాళ్ళది కొరికేస్తోంది. రండి, రండి. ఈ పెద్దవారూ...?"

జడ్జి గారు తానెవరో చెప్పలేదు. కామాక్షి వైపు చూశారు.

పాప చెయ్యి చాపి కామాక్షి వేలు పట్టుకుంది. ఆవిడ విడిపించుకోలేదు.

"ఇందుమతీ, సెలవులకి మీరు ఊరెళ్ళిన సాయంత్రం నీకు పనసపొట్టు పంపాను. జ్ఞాపకముందా?"

"ఎందుకు లేదు" అంది ఇందుమతి నవ్వుతూ. "ఆ రోజే కదా ఈయన..."

లోపలి గది తెర తొలగింది. మున్సిఫు గారు ఇంటి పంచెలో బయటికొచ్చారు. జిల్లా జడ్జి గారిని చూశారు, కామాక్షిని చూశారు. నమస్కారానికి లేచిన చేతులు సగంలో నిలిచిపోయాయి.

ఆ పైన ఇంకెవర్నీ చూడలేదాయన. భార్య మొహంలోకే చూస్తూ, మెల్లగా అడిగారు.

"ఏ పొట్టు?"